కిందిరాత

పరాయి దేశంలో ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో నేను ఐదేళ్ళు పనిచేశాను. అంతకు ముందు మన దగ్గరే ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. దిద్దే కన్ను ఒకసారి అలవాటైతే ఇక పోదు. గోడ మీది ప్రకటనలో ఒత్తు తప్పినా కాలు అక్కడే ఆగిపోతుంది. అలాంటివాణ్ణి ఆ ఊరు మొదటి వారం నుంచీ కుదురుగా ఉండనివ్వలేదు.

అక్కడ అన్నీ నకళ్ళే. శుక్రవారం హాల్లో పడిన సినిమా శనివారం మధ్యాహ్నానికి ఆసుపత్రి గేటు ముందు తోపుడు బండి మీద ఉండేది. హాల్లో చాటుగా తీసినవి కనక కథ మంచి పట్టులో ఉండగా ఎవరో లేచి తెరకి అడ్డంగా నడిచేవాడు, వెనకెవరో దగ్గేవాడు. మా వసతిగృహంలో ఒకాయన బండి దగ్గరికి వెళ్ళి, "ఇదే సినిమా, దగ్గు లేనిది ఉందా?" అని అడిగి మరీ తెచ్చుకునేవాడు. డాక్టర్లు చదివే లావుపాటి పుస్తకాలన్నీ జిరాక్సు ప్రతులు. ఒకదానిలో రచయిత ఎవరికో ప్రేమతో ఇస్తూ చేసిన సంతకం కూడా జిరాక్సై ఉంది. ఆ లెక్కన ఊళ్ళో రెండు వందల మందికి ఆయన ప్రేమతో ఇచ్చినట్టే. ఒకరోజు పోలీసు ఒకడు బండి దగ్గర ఆగితే ఇక అయిపోయిందనుకున్నాను. అతను రెండు డిస్కులు ఏరుకుని, "పోయినసారిది సగంలో ఆగిపోయింది" అని దబాయించి, దాన్ని మార్పించుకుని వెళ్ళాడు.

నేను మడి కట్టుకుని కూర్చున్నానని చెప్పను. నెల తిరక్కుండానే నా మంచం కింద జిరాక్సు పుస్తకాల దొంతర లేచింది. అసలు పుస్తకాలు ఆ ఊళ్ళో దొరికేవి కావు, దొరికినా నాబోటివాడికి అందేవి కావు. చదివినంతసేపూ హాయిగానే ఉండేది. మూసి పక్కన పెట్టాక మాత్రం, పిలవని పేరంటానికి వెళ్ళి తిని, ఇంటివాళ్ళకి కనబడకుండా వచ్చేసినట్టు ఉండేది.

ఆవిడతో నాకు పరిచయమైంది ఆ రోజుల్లోనే.

ఆవిడ మా ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. ఉతికిన దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పెద్ద వేడి రోలరులోకి పంపాలి. అవతలి నుంచి వచ్చినదాన్ని నాలుగు మడతలు వేసి, వార్డు నంబరు పైకి కనబడేలా పేర్చాలి. మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ ఎక్కేది. మనవాళ్ళంతా ఆవిణ్ణి కిందిరాతల పిన్ని అనేవారు. సినిమా బొమ్మ కింద నడిచే అక్షరాలకి అక్కడ మనవాళ్ళు పెట్టుకున్న పేరు కిందిరాతలు. పరభాషా సీరియళ్ళకి మన భాషలో వాటిని రాసేది ఆవిడే. "అందరికీ తలరాత ఉంటుంది బాబాయ్ గారూ, నాకు మాత్రం కిందిరాత," అని నవ్వేది.

అది మొదలైంది అత్తగారి వల్ల. ఆ ముసలావిడ కొడుకూ కోడళ్ళతోపాటు ఆ దేశం వచ్చి, మూడో అంతస్తులో ఒకటిన్నర గదుల ఇంట్లో పడింది. ఆ ఊరి భాష రాదు. బయటికెళితే దారి తెలియదు. కొడుకు మా ఆసుపత్రిలోనే అంబులెన్సు డ్రైవరు, ఎప్పుడు వస్తాడో ఎప్పుడు పోతాడో తెలియదు. పొద్దస్తమానం డిస్కులు చూడటమే ఆవిడ పని. చూస్తూ కోడల్ని పీక్కుతినేది.

"ఏమంటోందే అది?"

"ఏం లేదత్తయ్యా, టీ తాగుతావా అంటోంది."

"అంతసేపు మాట్లాడింది టీ గురించా? నాకు భాష రాకపోవచ్చు గానీ, మొహాలు చదవడం వచ్చు."

ఆ పోరు పడలేక కోడలు ఒక నోటుపుస్తకంలో మాటలన్నీ రాసిచ్చింది. అత్తగారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చూసేది. కాసేపటికి తెరా పుస్తకమూ చెరో దారీ పట్టేవి. "ఇక్కడ వాడు చచ్చి పాడె మీదున్నాడు, నీ పుస్తకంలో పెళ్ళి చేసుకుంటానంటున్నాడేంటే!" అని వంటగదికి వినబడేలా అరిచేది. డిస్కు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు బండి యజమాని ఆ పుస్తకం చూశాడు. అతను మనవాడే, ఆ దేశంలోనే పుట్టి పెరిగినవాడు. అందరికీ డిస్కుల మామ.

"ఏంటమ్మాయ్ ఇది?"

"మా అత్తగారి భాగవతం."

"బొమ్మ కిందే ఎక్కిద్దాం. ఊరంతా చదువుకుంటుంది," అన్నాడతను.

అప్పటి నుంచీ రోజూ పన్నెండు నుంచి రెండున్నర దాకా ఆవిడ, పక్క సందులో అతనికున్న కొట్టు వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చునేది. ఏ మాట ఎన్నో సెకనులో రావాలో, ఎన్నో సెకనులో పోవాలో గుర్తుపెట్టుకుంటూ రాసేది. ఎంత పొడుగు రాయాలన్నదానికి ఆవిడకి ఒకే కొలత, అత్తగారి చదువు. ఆ ముసలావిడ మూడో తరగతి చదివింది. ప్రతి అక్షరమూ కూడబలుక్కుని పైకి చదివేది. ఆవిడ నోరు ముగిసేలోపు రాత మాయం కాకూడదు. అందుకని కోడలు ఆరు మాటల్ని మూడు చేసేది. "మీ ప్రవర్తనను నేను ఇకపై సహించజాలను" అని ఇంకొకరు రాసేచోట ఆవిడ "నీకో దణ్ణం, వదిలెయ్" అని రాసేది. జనం ఆ రాతల కోసమే డిస్కులు అడిగేవారు.

ఇంతలో ఒక పెద్ద సీరియల్ వచ్చింది. చెప్పుల కర్మాగారం యజమాని ఇంట్లో ఒక కూతురు. మొదటి భాగంలో ఆ ఇంటికి ఎక్కడి నుంచో ఒక కుర్రాడు దిగుతాడు. ఆ పిల్ల అతన్ని చుట్టరికం పేరుతో పిలుస్తుంది. చిక్కంతా అక్కడే. ఆ భాషలో మేనత్త కొడుక్కీ, పెదనాన్న కొడుక్కీ ఒకటే మాట. ఇద్దరూ వేళాకోళాలాడుకోవడం చూసి ఆవిడ "బావా" అని రాసేసింది. ఒక్కో భాగం రాయగానే మామ బండెక్కించేవాడు కనక ఆరు భాగాలు బావ మీదే నడిచాయి. ఇంట్లో అత్తగారు వాళ్ళిద్దరికీ ముహూర్తం కూడా పెట్టుకుంది. ఏడో భాగం మధ్యలో తెలిసింది, అతను పెదనాన్న కొడుకని.

ఆరు భాగాలు అప్పటికే ఊరంతా పాకాయి. వెనక్కి తీసుకునే దారి లేదు. ఏడో భాగంలో ఒకచోట ఆ పిల్ల కిటికీ దగ్గర పది సెకన్లు ఊరికే నిలబడుతుంది. పెదవి కదపదు. కిందిరాతల పిన్ని ఆ ఖాళీలో రెండు ముక్కలు రాసిపెట్టింది.

"వరస తెలియని వయసులో బావా అన్నాను. తెలిశాక నోరు తిరగలేదు."

ఎవరూ అనని మాట అది. మా వసతిగృహంలో పదిమంది ఒక్కసారి నిట్టూర్చారు. అత్తగారైతే ముక్కు చీదుకుని, "ఇన్ని భాగాల్లోనూ మాటంటే ఇదీ మాట," అందట. నా కంటికి మాత్రం ఆ మూసిన పెదవులు కనబడ్డాయి. మర్నాడు లాండ్రీకి వెళ్ళి అడిగాను.

"నోరు విప్పకుండానే మాట్లాడిందే ఆ పిల్ల!"

ఆవిడ చేతిలో ఉన్న దుప్పటి కొసతో మొహం తుడుచుకుంది. "తప్పు మీద కప్పిన దుప్పటి బాబాయ్ గారూ. బయట పెట్టకండి."

"ఇంత బాగా రాస్తావు, దొంగ సరుక్కి రాస్తావేంటమ్మా?"

"దొర సరుకువాళ్ళు పిలిస్తే వెళ్ళనంటానా? చివర్లో పేర్లు వేస్తారు చూశారా, అందులో వంటవాడి పేరుంటుంది, దర్జీ పేరుంటుంది, గుర్రాల్ని తోలినవాడి పేరుంటుంది. అందులో ఒక్కసారి నా పేరు చూసుకోవాలని ఉంది. మామ డిస్కు మీద వేస్తే పోలీసులకి ఇంటి అడ్రసు ఇచ్చినట్టే కదా."

అప్పటి నుంచి నాకు అదే పనైంది. కనబడినప్పుడల్లా పోరేవాణ్ణి. నా మంచం కింద ఉన్న దొంతర గురించి నాకున్న అసహనమంతా ఆవిడ మీద చూపిస్తున్నానని అప్పుడు తోచలేదు.

ఏడాది తర్వాత ఒక పెద్ద కంపెనీ అదే సీరియల్ని మన భాషలో కిందిరాతలతో అధికారికంగా విడుదల చేసింది. అసలుదని చెప్పే మెరిసే ముద్రబిళ్ళ అంటించిన అట్టపెట్టె. నా జన్మలో కొన్న మొదటి అసలు డిస్కు అదే. ఆవిడకి చూపించాలనే కొన్నాను. పని తెలిసినవాళ్ళు పని ఎలా చేస్తారో చూస్తుందనుకున్నాను. ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికి పట్టుకెళ్ళాను.

"దొర సరుకు దొర సరుకేరా నాయనా, ఒక్కడూ దగ్గట్లేదు," అన్నాడు డ్రైవరు.

తెర మీద తండ్రి కూతుర్ని కసిరాడు. కింద రాత పడింది. నీకో దణ్ణం, వదిలెయ్.

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. ఇంకాసేపటికి కుర్రాడు దిగాడు. బావా. ఆవిడ లేచి ఏడో భాగం పెట్టింది. కిటికీ దగ్గర ఆ పిల్ల నిలబడింది. అవే రెండు ముక్కలు వచ్చాయి.

"అదిగో నా మాట!" అంది అత్తగారు సంబరంగా.

చివర పేర్లన్నీ గబగబా పైకి పోయాయి. తెలుగు రాతలు అన్నచోట కంపెనీ పేరుంది.

"పద, పోలీసుల దగ్గరికి పోదాం," అన్నాడు డ్రైవరు. "నా దొంగ సొత్తు ఎవరో ఎత్తుకుపోయారని రిపోర్టిద్దాం." అతనొక్కడే నవ్వాడు. ఆవిడ అట్టపెట్టెని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

ఆ వారమంతా ఆవిడ చెయ్యి పని మీద నిలవలేదు. రెండు దుప్పట్లు రోలరులో మెలిపడి కమిలిపోయాయి. వార్డు నంబర్లు లోపలికి మడిచి పేరుస్తోందని నర్సులు గొడవ పెట్టారు. ఆ అసలు డిస్కు పెట్టెలోనే ఒక చీటీ ఉంది, వివిధ భాషల్లో కిందిరాతలు రాయగలవారు కావాలని. నేనే దరఖాస్తు నింపాను. పిలుపొచ్చిన రోజు తోడు కూడా వెళ్ళాను.

ఐదో అంతస్తు. గాజు గోడల గది. పరీక్ష పెట్టే సూపర్‌వైజరమ్మ మన భాష మనిషే, కళ్ళజోడుకి గొలుసు వేసుకుంది. నన్ను చూసి, "వీరెవరు?" అంది.

"మా బాబాయ్ గారండీ." వరస కలిపేయడానికి ఆవిడకి ఒక్క క్షణం పట్టలేదు.

ఎదురుగా ఎర్ర పెన్నూ, అచ్చువేసిన కాగితాలూ పెట్టింది. "మా సీరియల్లో ఏడో భాగం. బయట ఎవరిచేతో రాయించాం. తప్పులున్నాయని ఉత్తరాలొస్తున్నాయి. ఏరిపెట్టు, చూద్దాం."

ఆవిడ తన రాతలో తన తప్పుల్ని ఏరడం మొదలుపెట్టింది. నేను గోడవారగా కూర్చుని చూస్తున్నాను. ప్రూఫులు దిద్దడం నాకు తెలిసిన పని. అంత కనికరం లేకుండా దిద్దినవాళ్ళని నేను చూడలేదు. బావా అన్న ప్రతిచోటా కొట్టేసి అన్నయ్యా అని రాసింది. ముప్పావుగంటలో కాగితాలు ఎర్రబడ్డాయి. సూపర్‌వైజరమ్మ తిరగేస్తూ, "ఇంత పొదుపుగా రాయడం ఎక్కడ నేర్చుకున్నావు?" అంది.

"మా అత్తగారి దగ్గరండీ."

"ఆవిడా రాస్తారా?"

"లేదండీ, చదువుతారు."

సూపర్‌వైజరమ్మ చివరి కాగితం దగ్గర ఆగింది. "ఇదొకటి వదిలేశావు. కిటికీ దగ్గర. ఇక్కడ ఎవరూ మాట్లాడట్లేదు కదా? పైగా బావా అన్నవన్నీ తీసేశాక ఈ ముక్కలకి పనే లేదు."

"ఉండనివ్వండమ్మా."

"ఎందుకుండాలి? ఆ పిల్ల ఇది అనలేదు."

"అనలేదు. అనుకుంది."

 సూపర్‌వైజరమ్మ కళ్ళజోడు తీసి ఆవిడ మొహంలోకి చూసింది. ఆ రాతలు ఎవరివో సూపర్‌వైజరమ్మకి అర్థమైపోయిందనే నా అనుమానం. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ఎర్ర పెన్ను అందుకుని, ఆ రెండు ముక్కల్నీ తనే కొట్టేసింది. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీసింది.

"ఇక్కడ సంతకం చెయ్యి. వచ్చే సోమవారం నుంచి రావచ్చు."

ఇదివరకు ఎప్పుడూ, ఏ రూపంలోనూ నకలు సరుక్కి పనిచేయలేదని, చేసినట్టు తేలితే కేసు పెట్టి, ఉద్యోగంతోపాటు నివాసపత్రం కూడా రద్దు చేయించవచ్చని అందులో ఉంది. ఆవిడ రెండుసార్లు చదివింది.

"చివర్లో పేరు వేస్తారా అమ్మా?"

"కంపెనీ పేరే పడుతుంది. అందరి పేర్లూ వేస్తూ పోతే ఆ జాబితా సినిమా కంటే పొడుగవుతుంది."

ఆవిడ తలతిప్పి నావైపు చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది. ఆ సంతకంతో ఆ సీరియల్లో రాసినవన్నీ తనవి కావని ఒప్పుకుంటోంది. నేను తలూపాను. చెయ్యమనే ఊపాను. ఆవిడ ఇంటిపేరుతో సహా పూర్తిగా, ఒక్కో అక్షరమూ విడివిడిగా కనబడేలా సంతకం చేసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దిగేముందు మాత్రం అంది. "నా పూర్తి పేరు రాయమన్నవాళ్ళు వీళ్ళేనండీ ఇన్నాళ్ళకి. దేనికి రాయమన్నారో చూశారా?"

లాండ్రీ మానేసింది. మంచి కుర్చీ, చల్లని గది. ఇంటికి తెచ్చిన కాగితాల్ని అత్తగారిచేత చదివించి మరీ పంపేదట. ఆవిడ రాసిన కొత్త సీరియళ్ళు ముద్రబిళ్ళలతో అంగళ్ళకి వచ్చేవి. వచ్చిన మూడో రోజుకి వాటి నకళ్ళు మామ బండి మీద ఉండేవి.

"ఎక్కడికెళ్ళి రాసినా అమ్మాయి రాత మన బండి మీదకే," అనేవాడతను గర్వంగా.

ఒక శనివారం నేనూ ఒకటి కొన్నాను. అసలుది కొనగల శక్తి ఉండి కూడా చెయ్యి బండి మీదకే పోయింది. ఆఖరి దాకా చూశాను. కంపెనీ పేరు పడ్డాక తెర నల్లబడింది. నల్లటి తెర మీద మామ తన సొంత అక్షరాలు ఎక్కించాడు. కిందిరాతలు అని, పక్కనే ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా.

మర్నాడు పొద్దున్నే పరుగున బండి దగ్గరికి వెళ్ళాను.

"ఏం పని మామా ఇది? కంపెనీ మనుషులు నీ డిస్కులు కొనిపోయి చూస్తారు. రాసిందెవరో నీకెలా తెలిసిందని అడగరా? ఆవిడ ఉద్యోగం పోతుంది, దేశంలో ఉండే హక్కు పోతుంది."

"మొదట్లో పేరు వేద్దామంటే భయం, మన దగ్గర రాసింది కాబట్టి. ఇప్పుడు రాసింది వాళ్ళ దగ్గర. వాళ్ళు మర్చిపోయారు, మనం వేశాం. తప్పేముంది మాస్టారూ? ఎవరి కష్టం వాళ్ళది." జీవితంలో ఒక్క అసలు డిస్కు కూడా అమ్మనివాడు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

అదే సమయానికి ఆవిడ రోడ్డు దాటి వచ్చింది. నాకంటే ముందే చూసినట్టుంది, మొహం పాలిపోయి ఉంది.

"తీసెయ్ మామా. ఈరోజే తీసెయ్. నీకు పుణ్యముంటుంది."

"బాగుంది కదే పేరు, అంత పెద్దగా..."

"బాగుండటం కాదు, కొంప మునుగుతుంది. మా అత్తగార్ని పెట్టుకుని ఎక్కడికి పొమ్మంటావు?"

"సరేలే, తీసేస్తాలే," అన్నాడతను చిన్నబుచ్చుకుని.

ఆవిడ వెళ్ళిపోయింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చింది.

"మామా, మా ఇంటిపేరులో దీర్ఘం లేదు."

మామ నోరు తెరిచాడు. "ఇంతకీ తియ్యమంటావా, దిద్దమంటావా?"

ఆవిడ బస్సు వస్తోందని పరుగెత్తింది. ఆ బస్సు ఆవిడది కాదు.

తర్వాతి వారం కొత్త భాగం వచ్చింది. కొని చివరి దాకా చూశాను. పేరు ఉంది. ఆ సంగతి ఆవిడకి చెప్పాలా వద్దా అని మూడు రోజులు గింజుకున్నాను. రికార్డుల గదిలో ఒకరి ఫైలు ఇంకొకరి అరలో పెట్టి మాట పడ్డాను. చివరికి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. అత్తగారు మంచం మీద కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. కోడలు ఏవో కాగితాలు దిద్దుకుంటోంది.

"మామ తియ్యలేదమ్మా," అన్నాను గొంతు తగ్గించి.

"చూశాను బాబాయ్ గారూ."

"మరి?"

"దీర్ఘం తీసేశాడు."

అప్పుడే వంటగది గోడకున్న ఫోను మోగింది. ఆవిడ పెన్ను మూత పెట్టి లేచింది. ఫోను దగ్గరికి వెళ్ళి, ఎత్తకుండా, చెంగుతో రెండు అరచేతులూ తుడుచుకుంటూ నిలబడింది.

"ఎత్తవేంటే? ఎవరో ఏమో!" అంది అత్తగారు.

నాలుగోసారి మోగాక ఎత్తింది. డ్రైవరు, భోజనానికి రావడం ఆలస్యమవుతుందని.

తర్వాత రెండేళ్ళు నేను ఆ ఊళ్ళో ఉన్నాను. వాళ్ళింట్లో ఫోను మోగినప్పుడల్లా ఆవిడ అలాగే చేతులు తుడుచుకుని, ఆగి, ఎత్తేది. మామని మళ్ళీ తియ్యమనలేదు.